నయాపూల్ దాటని బంతి

కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ పోటీ ఎక్కడ పెట్టాలన్న సంగతి, స్త్రీల హక్కుల పత్రికలో సంపాదకీయం రాయవలసినంత పెద్దదా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. వరకట్న చావులు, గృహహింస, కూలిరేట్లు, ఇళ్ళ కూల్చివేతలు - మన పేజీలు ఎప్పుడూ వీటితోనే నిండివుంటాయి. వాటి పక్కన ఒక బంతి, రెండు ఇనుప రింగులు చిన్న విషయంగానే కనిపిస్తాయి. కానీ పాతబస్తీలో పనిచేస్తున్న మాకు ఈ చిన్న విషయం వెనకే చాలా పెద్ద ప్రశ్నలు ఎదురయ్యాయి. అమ్మాయి గడప దాటటానికి ఎవరి అనుమతి కావాలి? ఆమె వొంటిమీద ఏ బట్ట వుండాలో ఎవరు నిర్ణయించాలి? చీకటిపడేలోగా ఇల్లు చేరటానికి బస్సు వుందా? నగరంలో ఏ భాగాన్ని ప్రభుత్వం అతిథులకు చూపించుకుంటుంది, ఏ భాగాన్ని బందోబస్తు పటంలో మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది? పోటీకి వేదిక నిర్ణయించే రోజున ఈ ప్రశ్నలన్నిటికీ ఒక్కసారే జవాబు చెప్పేస్తారు. ఆ జవాబు చెప్పే బల్ల చుట్టూ మాత్రం పాతబస్తీ అమ్మాయిలెవరూ వుండరు.

కాలేజీల మధ్య జరిగే అమ్మాయిల పోటీని ఒక్కసారైనా పాతబస్తీలో పెట్టండని ఒక సమావేశంలో నేను అడిగాను. మూడు జవాబులు వచ్చాయి. అక్కడ వసతులు లేవన్నారు. అది సున్నితమైన ప్రాంతం అన్నారు. అక్కడి తల్లిదండ్రులు అసలు అమ్మాయిల్ని ఆడనివ్వరు కదా అన్నారు. ఆ మాటలన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కొందరు నిజంగా పిల్లల క్షేమం కోరేవాళ్ళే. అయినా ఈ మూడు జవాబుల్నీ విడివిడిగా పరిశీలించాలి. ఎందుకంటే పాతబస్తీకి బడి కావాలన్నా, ఆస్పత్రి కావాలన్నా, రైలు కావాలన్నా ఇవే మూడు జవాబులు కొంచెం మాటలు మారి వినిపిస్తుంటాయి.

ముందు వేదికంటే ఏమిటో, దానివల్ల ఎవరికి ఏం దక్కుతుందో చూద్దాం. ఒక విశ్వవిద్యాలయం కిందవున్న కాలేజీల జట్లు పోటీపడితే, అందులో బాగా ఆడినవాళ్ళను విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపిక చేస్తారు. ఆ జట్టు దక్షిణ మండల పోటీలకు వెళుతుంది. అక్కడ ముందు నిలిచిన జట్లు అఖిల భారత పోటీలకు వెళతాయి. 1925లో ఏర్పడిన భారత విశ్వవిద్యాలయాల సంఘం ఏటా ఈ పోటీల బాధ్యత ఏదో ఒక విశ్వవిద్యాలయానికి అప్పగిస్తుంది. విశ్వవిద్యాలయం తరఫున ఈ పోటీల్లో ఆడటం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాకు ఒక అర్హత. అంటే మన గల్లీలోని అమ్మాయికి కాలేజీ పోటీ కేవలం సరదా కాదు, ఉద్యోగం దాకా వెళ్ళే దారికి అది మొదటి మెట్టు. ఆ మెట్టు ఎవరి వాకిట్లో వేస్తారన్నదే మన ప్రశ్న.

పోటీ నిర్వహించే కాలేజీకి ఆ నాలుగు రోజుల్లో వచ్చేదానికన్నా తర్వాత మిగిలేది ఎక్కువ. పగిలిన గచ్చు బాగవుతుంది. గీతలు వేస్తారు. వంగిపోయిన రింగులు మారుస్తారు. మూతపడిన మరుగుదొడ్డి తాళం తీస్తారు. నీళ్ళొస్తాయి. ఖాళీగావున్న వ్యాయామ అధ్యాపకురాలి పోస్టు గురించి పైవాళ్ళకు జ్ఞాపకం వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ కాలేజీ అమ్మాయిలు తమలాంటి అమ్మాయిలు ఆడటం కళ్ళారా చూస్తారు. ఆడని అమ్మాయిలు చప్పట్లు కొడతారు, మంచినీళ్ళందిస్తారు, పాయింట్లు రాస్తారు. కాలేజీ గోడ అవతల ఇళ్ళలోని తల్లులు మేడమీద నుంచి చూస్తారు. ఒకసారి చూసిన తల్లికీ, ఎన్నడూ చూడని తల్లికీ తేడా వుంటుంది. వేదిక ఎప్పుడూ నగరం అవతలి కొసనే వుంటే ఈ మిగులంతా అక్కడే మిగులుతుంది. అప్పుడు పాతబస్తీ కాలేజీలకు వసతులు లేవన్నమాట ఏటా నిజమవుతూనే వుంటుంది. వసతులు లేవు గనక పోటీ పెట్టరు, పోటీ పెట్టరు గనక వసతులు రావు.

మన నగరం పెద్ద ఆటలు ఎరగనిది కాదు. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు హైదరాబాదులో జరిగాయి. వాటికోసం గచ్చిబౌలిలో, యూసుఫ్‌గూడలో, సరూర్‌నగర్‌లో స్టేడియంలు లేచాయి. మరుసటి ఏడు, 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా, ఆఫ్రో ఆసియా క్రీడలు ఇక్కడే జరిగాయి. నిజానికి అవి 2001లో ఢిల్లీలో జరగవలసినవి. వాయిదాపడి, చివరకు మన నగరానికి వచ్చాయి. హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా ఆ ఆటల్లో నాలుగు బంగారు పతకాలు గెలిచింది. సొంత ఊళ్ళో, సొంత మనుషుల ముందు గెలవటమంటే ఏమిటో నగరమంతా చూసింది. 2007 అక్టోబరులో ప్రపంచ సైనిక క్రీడలు కూడా ఇక్కడికే వచ్చాయి. చార్మినారు బొమ్మ లేకుండా హైదరాబాదు గురించి ఒక్క కరపత్రం కూడా అచ్చు కాదు. 1591లో కట్టిన ఆ చార్మినారు నీడన పెరిగే అమ్మాయి మాత్రం అంతర్జాతీయ ఆట చూడాలంటే గచ్చిబౌలి వెళ్ళాలి. బొమ్మకు పాతబస్తీ, ఆటకు కొత్త నగరం.

ఇప్పుడు 'సున్నితమైన ప్రాంతం' అన్నమాట చూద్దాం. 1990 డిసెంబరు అల్లర్లు, కర్‌ఫ్యూలు చూసిన మనం ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయటం లేదు. ఆ రోజుల్లో పాలకోసం, మందులకోసం గల్లీ చివర నిలబడింది ఆడవాళ్ళే. ఆ గాయం ఎంత లోతైనదో మనకు తెలుసు. కానీ 2007 సంవత్సరాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోండి. మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి ఎందరో చనిపోయారు. ఏడు వారాలు తిరిగేసరికి, అక్టోబరు 14న, అదే నగరంలో ప్రపంచ సైనిక క్రీడలు మొదలయ్యాయి. ఎన్నో దేశాల క్రీడాకారులు వచ్చి ఆడి వెళ్ళారు. ఆటలు ఆపకపోవటమే సరైన పని. మేమూ అదే అంటాం. అయితే బాంబులు పేలిన ఏడాదిలోనే నగరానికి ఇవ్వగలిగిన నమ్మకాన్ని, ఇన్నేళ్ళలో పాతబస్తీ కాలేజీకి ఎందుకు ఇవ్వలేకపోతున్నారు? మొత్తం నగరానికి భద్రత ఒక ఏర్పాటు, పాతబస్తీకి వచ్చేసరికి అదొక సాకు.

ఇంకో మాట. రంజాన్ రాత్రుల్లో లాడ్ బజారు, పత్తర్‌గట్టీ అర్ధరాత్రి దాటాక కూడా ఆడవాళ్ళతో, పిల్లలతో కిటకిటలాడుతుంటాయి. ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలకు తలమీద కుండ, చేతిలో వేపకొమ్మలతో వేల మంది స్త్రీలు నడుస్తారు. మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు సాగుతుంది. వినాయక నిమజ్జనం సాగుతుంది. ఏటా ఇన్ని జనసందోహాలకు పోలీసులు, నీళ్ళ ట్యాంకులు, దీపాలు, అంబులెన్సులు ఏర్పాటు చేయగలిగిన యంత్రాంగానికి, జట్టుకు పన్నెండు మంది చొప్పున పదహారు జట్లు - అంటే 192 మంది అమ్మాయిలు - నాలుగు పగళ్ళు బంతాడుకోవటానికి ఏర్పాటు చేయటం చేతకాదా? మతం కోసం వీధి నిండితే అది సంప్రదాయం, అమ్మాయిల ఆటకోసం ఒక ఆవరణ నిండితే అది శాంతిభద్రతల సమస్య! ఈ లెక్క ఎవరు వేశారు?

వసతుల సంగతి. బాస్కెట్‌బాల్‌కు క్రికెట్టుకు కావలసినంత మైదానం అక్కర్లేదు. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. చుట్టూ రెండేసి మీటర్ల ఖాళీ కలుపుకున్నా మనవాళ్ళ కొలతలో సుమారు 730 గజాలు. రింగు ఎత్తు 3.05 మీటర్లు. ఇళ్ళు ఇరుకైన, ఖాళీ జాగాలు కరువైన పాత నగరానికి ఇంతకన్నా తగిన ఆట లేదు. ప్రహరీగోడ వున్న కాలేజీ ఆవరణలో పట్టే ఆట ఇది. పాతబస్తీలో కులీ కుతుబ్ షా స్టేడియం వుంది. దాని దగ్గరే సిటీ కాలేజీ వుంది. హుస్సేనీ ఆలంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల వుంది. చంచల్‌గూడలో, ఫలక్‌నుమాలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. నయాపూల్ ఇవతల కోఠిలో, 1924లో మొదలైన మహిళా కళాశాల వుంది. అది ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. భూమికోసం, పంటకోసం దొర ముందు వెనకడుగు వేయని చాకలి స్త్రీ పేరది. ఆ విశ్వవిద్యాలయం మూసీ దాటి నాలుగడుగులు వేసి, పాతబస్తీ కాలేజీలతో కలిసి ఒక్క పోటీ జరిపితే ఆ పేరుకు అంతకన్నా గౌరవం వుంటుందా?

ఇరుకు సందుల ఊళ్ళో ఆటలేమిటి అనేవాళ్ళు వారణాసి వైపు చూడాలి. మన పాతబస్తీకన్నా ఇరుకైన గల్లీలున్న నగరం అది. ఆ ఊరి నుంచి ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు దివ్య, ప్రశాంతి, ఆకాంక్ష, ప్రతిమ - నలుగురూ - భారత బాస్కెట్‌బాల్ జట్టుకు ఆడారు. ప్రశాంతి సింగ్‌కు 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆ నలుగురూ ఏ అద్భుత శక్తితోనో పుట్టినవాళ్ళు కారు. బంతి పట్టుకోవటం నేర్చుకోటానికి వాళ్ళకు సొంత ఊళ్ళో వీలుంది. మొదటి అక్క ఆడుతుంటే మిగతావాళ్ళు చూశారు. ఆ చూడటమే మనం అడుగుతున్నది.

ఇక మూడో జవాబు, అన్నిటికన్నా తరచుగా వినిపించేది: 'వాళ్ళ తల్లిదండ్రులు ఆడనివ్వరు.' ఇందులో 'వాళ్ళు' అంటే ముస్లింలు అని వేరే చెప్పనక్కర్లేదు. ముందుగా, పాతబస్తీ అంటే ముస్లింలే అన్న అభిప్రాయం తప్పు. లాల్ దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక, ఉప్పుగూడ బస్తీల్లో వెనకబడిన కులాల, దళిత కుటుంబాల అమ్మాయిలు వేలమంది వున్నారు. డిగ్రీ రెండో సంవత్సరంలో పెళ్ళి కుదిరి ఆట, చదువు రెండూ ఆగిపోయిన పిల్లలు రెండు మతాల్లోనూ మాకు తారసపడ్డారు. ఇంట్లో కార్చోబ్ చట్రం ముందు కూర్చుని జర్దోజీ కుట్టే పిల్లలు, కొలిమి పక్కన లక్క గాజులకు రాళ్ళు పొదిగే పిల్లలు, అగరొత్తులు చుట్టే పిల్లలు - వీళ్ళకు కాలేజీ వదలగానే ఇంటిపని, ఆ తర్వాత కూలిపని. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజులు చేసే చేతులకు సాయంత్రం ఒక గంట తీరిక మాత్రం ఎవరూ గుర్తించలేదు. ఆటకు అడ్డం మతం ఒక్కటే కాదు. పేదరికం అడ్డం, ఇంటిచాకిరీ అడ్డం, దూరం అడ్డం. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు. చార్జీ డబ్బుల అడ్డం ఆ మేరకు తొలగింది. గచ్చిబౌలి దాకా వెళ్ళి చీకటిపడ్డాక తిరిగొచ్చే కూతురి కోసం తల్లి పడే ఆదుర్దా తొలగలేదు. హుస్సేనీ ఆలంలో ఆట అంటే ఒప్పుకునే తల్లే గచ్చిబౌలి అంటే ఒప్పుకోదు. దూరం తగ్గిస్తే తల్లిదండ్రుల 'ఛాందసం' ఎంత తగ్గుతుందో ఒక్కసారైనా పరీక్షించి చూశామా?

బట్టల గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఆడపిల్ల పరాయి మగవాళ్ళ ముందు గెంతులు వేయటమేమిటన్న మాట చార్మినారు దగ్గర పుట్టింది కాదు. బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలో పుట్టింది. మరుసటి ఏడే సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు స్మిత్ కళాశాలలో దాన్ని అమ్మాయిలకు నేర్పటం మొదలుపెట్టారు. 1893లో అక్కడ రెండు తరగతుల అమ్మాయిల మధ్య పోటీ పెట్టినప్పుడు మగ ప్రేక్షకుల్ని లోపలికి రానివ్వలేదు. అంటే అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ మొదలైందే పరదా వెనక! ఆ గది తలుపులు తర్వాత తెరుచుకున్నాయి. తెరిచింది ఆడుతూ ఆడుతూ ధైర్యం తెచ్చుకున్న అమ్మాయిలే.

దీనికి వ్యతిరేకదిశలో కూడా అన్యాయం జరిగింది. 2014లో ఇంచియాన్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో ఖతార్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు తలమీద గుడ్డ తీయమంటే తీయమని చెప్పి, ఆడకుండానే వెళ్ళిపోయింది. అప్పటి నియమం అలా వుండేది. దానిమీద ప్రపంచమంతటా ఆడవాళ్ళు పోరాడారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య 2017 మేలో నియమం మార్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి తల కప్పుకుని ఆడవచ్చు. అయినా ఇక్కడ ఇంకా కొందరు 'హిజాబుతో ఆడనివ్వరుగా' అని అమ్మాయిల్ని ఇంటికి పంపుతున్నారు. తెలియక పంపేవాళ్ళున్నారు, తెలిసీ పంపేవాళ్ళున్నారు. మన పొరుగున కర్ణాటకలో 2022లో ఉడుపి అమ్మాయిల్ని కాలేజీ గేటు దగ్గరే ఆపారు. హైకోర్టు ఆ ఏడాది మార్చిలో ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరోమాటా చెప్పారు. గేటు బయట నిలబడిన అమ్మాయి చదువు మాత్రం ఆగింది.

మా వైఖరి స్పష్టం. తల కప్పుకోమని బలవంతపెట్టే పెద్దమనిషికీ, కప్పుకుంటే ఆడనివ్వనని గేటు మూసే అధికారికీ ఆడపిల్ల శరీరం మీద హక్కు లేదు. పొట్టి నిక్కరుతో ఆడే అమ్మాయి, పొడుగు లాగు వేసుకుని తల కప్పుకుని ఆడే అమ్మాయి ఒకే కోర్టులో ఒకే బంతి కోసం పోటీపడాలి. మొదటి ఏడు ప్రేక్షకులుగా ఆడవాళ్ళనే రానివ్వమని అమ్మాయిలే కోరితే ఒప్పుకోవాలి. ఈ విషయం మీద మా సంస్థలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అది పరదాను మరో రూపంలో ఆమోదించటమేనని కొందరు మిత్రుల వాదన. ఆ వాదనలో బలం వుంది. కానీ అసలు బంతే ముట్టని అమ్మాయికి మొదటి అవకాశం ఏ తలుపు గుండా వచ్చినా రానివ్వాలని నేను అనుకుంటున్నాను. ఆ తలుపు ఎప్పుడు పూర్తిగా తెరవాలో ఆడేవాళ్ళు చెప్పాలి. మతపెద్దలు, కాలేజీ యాజమాన్యాలు, మనం కూడా చెప్పకూడదు.

భద్రత గురించి ఇంత మాట్లాడేవాళ్ళు అసలు భద్రత గురించి మాట్లాడకపోవటం ఆశ్చర్యం. ఆడే అమ్మాయికి ఎక్కువ ప్రమాదం గల్లీలో ఆకతాయి నుంచా, చేతిలో జట్టు ఎంపిక జాబితా వున్న మనిషి నుంచా? 2023 జనవరిలో దేశానికి పతకాలు తెచ్చిన మల్లయోధురాళ్ళు జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. సగం జాతీయ క్రీడా సమాఖ్యల్లో చట్టం కోరిన ఫిర్యాదుల కమిటీ లేదన్న వార్త మీద ఆ ఏడాది మేలో జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. 1997 విశాఖ తీర్పు తర్వాత, దాదాపు పదహారేళ్ళకు వచ్చిన 2013 చట్టం స్టేడియాన్నీ, క్రీడా శిక్షణ సంస్థనూ, పోటీ జరిగే చోటునూ పని స్థలాలుగా పేరుపెట్టి మరీ చెప్పింది. యూజీసీ నిబంధనలు విద్యార్థినులు బయటి ఊళ్ళో ఆటల పోటీలకు వెళ్ళినప్పటి ప్రయాణాన్నీ, బసనూ కూడా కాలేజీ ఆవరణ కిందికే తెచ్చాయి. కనక వేదిక ఎంపికలో మొదటి ప్రశ్న ఇది కావాలి: ఫిర్యాదు చేయాలంటే అమ్మాయి ఎవరి దగ్గరకు వెళ్ళాలి, ఆ పేరు, ఫోను నంబరు గోడమీద వుందా? ఈ ప్రశ్నకు జవాబు లేని ఏ స్టేడియమైనా, దానికి ఎన్ని వేల కుర్చీలున్నా, అమ్మాయిలకు సురక్షితం కాదు.

వేదిక ఎంపికకూ హక్కులకూ ఏం సంబంధమని ఇంకా ఎవరికైనా అనుమానముంటే అమెరికా అనుభవం చూడవచ్చు. అక్కడ కాలేజీ ఆటలు కోట్ల డాలర్ల వ్యాపారం. ప్రాంతాలవారీగా కాలేజీలు కట్టుకున్న కూటముల్ని కాన్ఫరెన్సులంటారు. మన మండలాల్లాంటివి. పోటీలకు ఆతిథ్యమిస్తామని నగరాలు ఒకదాన్ని మించి ఒకటి ముందుకొస్తాయి. సౌత్ కరొలినా రాష్ట్ర ప్రభుత్వ భవనం ఆవరణలో బానిసత్వాన్ని సమర్థించినవాళ్ళ జెండా ఎగురుతోందని, జాతీయ కాలేజీ క్రీడాసంఘం 2001 నుంచి ముందుగా స్థలం ఖాయం చేసే తన చాంపియన్‌షిప్ పోటీల్ని ఆ రాష్ట్రానికి ఇవ్వటం మానేసింది. 2015లో ఆ జెండా దిగింది, నిషేధం పోయింది. 2016లో నార్త్ కరొలినా ట్రాన్స్‌జెండర్ మనుషులకు వ్యతిరేకంగా మరుగుదొడ్ల చట్టం చేస్తే, అదే సంఘం ఆ రాష్ట్రం నుంచి ఏడు చాంపియన్‌షిప్ పోటీల్ని తరలించింది. ఆ ప్రాంతపు కాన్ఫరెన్సు కూడా తన పోటీల్ని తరలించింది. మరుసటి ఏడు మార్చిలో ఆ చట్టాన్ని కొంతమేరకు వెనక్కి తీసుకున్నారు. వేదిక నిర్ణయం వట్టి సాంకేతిక విషయమైతే ఇదంతా జరిగేదా?

అలాగని ఆ సంఘాన్ని ఆకాశానికెత్తనక్కర్లేదు. 2021 మార్చిలో మగపిల్లల పోటీ ఇండియానపోలిస్‌లో, ఆడపిల్లల పోటీ శాన్ ఆంటోనియోలో జరిగింది. మగపిల్లలకు పెద్ద వ్యాయామశాల పెట్టారు. ఆడపిల్లలకు ఒక చిన్న డంబెల్స్ స్టాండు పెట్టారు. ఒక క్రీడాకారిణి దాన్ని వీడియో తీసి లోకానికి చూపించాకగానీ పెద్దలకు సిగ్గు రాలేదు. ఆడా మగా తేడా చూపకూడదని అక్కడ 1972లోనే చట్టం వచ్చింది. యాభై ఏళ్ళ చట్టం వున్నచోటే ఇలా వుంటే, అలాంటి చట్టమే లేనిచోట ఎంత అప్రమత్తంగా వుండాలి!

పెద్ద ఆటల పేరుతో జరిగే అన్యాయాన్నీ మనం మరవకూడదు. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో పేదల గుడిసెలు తీసేశారు. దళితుల కోసం కేటాయించిన నిధుల్ని ఆ ఆటలకు మళ్ళించిన విషయం పార్లమెంటు దాకా వెళ్ళింది. 2030 కామన్వెల్త్ క్రీడల్ని అహ్మదాబాదుకు ఇచ్చినట్టు 2025 నవంబరులో ప్రకటించారు. అక్కడి బస్తీల స్త్రీలు ఇప్పటినుంచే మేలుకుని వుండాలి. మేము పాతబస్తీకి అలాంటి హంగామా కోరటం లేదు. ఇంకో స్టేడియం పేరు చెప్పి ఇంకో బస్తీని ఖాళీ చేయించటం మాకు వద్దు. పాతబస్తీకి రావలసిన మెట్రో రైలు 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి ముందుకు పనికి 2024 మార్చిలోగానీ శంకుస్థాపన జరగలేదు. రైలు వచ్చేదాకా ఆటను కూడా ఆపుతామంటే ఇప్పుడు డిగ్రీ చదువుతున్న అమ్మాయి అమ్మమ్మ అవుతుంది.

వెనకబడిన ప్రాంతమని చెప్పి వేదిక ఇవ్వకపోవటం ఒక విధానం. వెనకబడిన ప్రాంతం గనకనే ఇవ్వటం ఇంకో విధానం. ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్ని 2020లో భువనేశ్వర్‌లో మొదలుపెట్టి, 2024 ఫిబ్రవరిలో గువాహటీ కేంద్రంగా ఈశాన్య రాష్ట్రాలకు తీసుకెళ్ళారు. అంత దూరం జట్లను పంపగలిగినవాళ్ళు మూసీ మీద ఒక్క వంతెన దాటించలేరా?

కనక విశ్వవిద్యాలయాలనూ, కాలేజీ విద్యాశాఖనూ, నగరపాలక సంస్థనూ ఈ పత్రిక ద్వారా అడుగుతున్నాం. కాలేజీల అమ్మాయిల పోటీలకు వేదికను వంతులవారీగా నిర్ణయించాలి. ఆ వంతులో పాతబస్తీ కాలేజీలు తప్పక వుండాలి. వేదిక నిర్ణయించే కమిటీలో సగం మంది స్త్రీలు, వారిలో ఇద్దరైనా ఆడుతున్న విద్యార్థినులు వుండాలి. ఎందుకు ఒక చోటును ఎంచుకున్నారో, ఎందుకు ఇంకో చోటును కాదన్నారో కాగితం మీద రాసి అందరికీ చూపాలి. 'సున్నితం' అన్న ఒక్కమాట కారణంగా చెల్లకూడదు. ఆటలు పగటిపూట ముగియాలి. అందరికీ కనపడేలా ఫిర్యాదుల కమిటీ పేర్లు, తాళం వెయ్యని మరుగుదొడ్డి, నీళ్ళు, నెలసరి గుడ్డలు మార్చుకునే గది, మహిళా డాక్టరు - ఇవి వున్నాయని చూశాకే జట్లను పిలవాలి. ఏ అమ్మాయినీ ఆమె బట్టల కారణంగా ఆటనుంచి తీసేయకూడదు. పోటీ అయ్యాక కోర్టుకు తాళం వేయకుండా, వారంలో కొన్ని సాయంత్రాలు ఆ బస్తీ అమ్మాయిలకు వదలాలి. చివరిది ముఖ్యం. నాలుగు రోజుల పండుగకన్నా నాలుగేళ్ళు తెరిచివుండే గేటు మాకు కావాలి.

పాఠకులకు ఒక మాట. మీలో చాలామంది అధ్యాపకులున్నారు, తల్లులున్నారు, ఒకప్పుడు ఆడి మానేసినవాళ్ళున్నారు. మీ కాలేజీలో బాస్కెట్‌బాల్ కోర్టు వుందా? వుంటే దాని మీద ఇప్పుడు ఏముంది - మోటారు సైకిళ్ళా, విరిగిన బల్లలా, పెళ్ళి షామియానా గుంజలా? పోయిన పదేళ్ళలో మీ కాలేజీకి అమ్మాయిల పోటీ ఎన్నిసార్లు వచ్చింది? తెలుసుకుని మాకు రాయండి. వచ్చిన ఉత్తరాలన్నీ కలిపి వచ్చే సంచికలో అచ్చువేస్తాం. అవే పట్టుకుని వేదిక నిర్ణయించే సమావేశానికి వెళ్తాం. ఈసారి మాతోపాటు పాతబస్తీ అమ్మాయిలు కూడా వస్తారు. వాళ్ళ ముందు ఆ మూడు జవాబులూ మళ్ళీ ఎవరు చెప్తారో చూద్దాం.